పాత కిటికీ తీసేముందు: బెజవాడ ఎండకు, తేమకు ఏ చట్రం నిలుస్తుంది?

విజయవాడలో సత్యనారాయణపురం, పటమట, మొగల్రాజపురం, గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వంటి పేటల్లో నలభై ఏళ్ల కిందట కట్టిన ఇళ్లు ఇప్పుడు కిటికీలు మార్చుకునే వయసుకు వచ్చాయి. ఎక్కువ ఇళ్లలో ఉన్నవి టేకు లేదా వేప చట్రాలు, వాటిలోకే దిగగొట్టిన ఇనుప ఊచలు, బయటికి తెరుచుకునే రెండు రెక్కలు. కింది మూల పుచ్చిపోతుంది, రెక్క వాలిపోయి గడియ పడదు, వాన జల్లు పరుపు మీదికి వస్తుంది. మార్చక తప్పదని ఇంటివారు కొట్టుకు వెళ్లగానే వినిపించే మాట ఒకటే: ‘యూపీవీసీ వేయించండి, గదిలోకి వేడి రాదు.’ యూపీవీసీ అంటే పీవీసీ ప్లాస్టిక్‌లో ఒక రకం. ఆ మాటను నమ్మి ఇల్లంతా ఒకే రకం కిటికీలు పెట్టించుకున్న తరువాత పడమటి గది ఎప్పటిలాగే ఉడుకుతూ ఉంటే, తప్పు ఎక్కడ జరిగిందో ఎవరూ చెప్పరు. తప్పు చట్రంలో లేదు, ఆ మాటలోనే ఉంది.

లెక్క సులువైనదే. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న కిటికీ వైశాల్యం దాదాపు ఒకటిన్నర చదరపు మీటర్లు. అందులో చట్రం, రెక్కల పట్టీలు కలిపి ఐదో వంతు అనుకుంటే 0.3 చదరపు మీటర్లు. మిగిలిన 1.2 చదరపు మీటర్లు గాజు. మే నెల మధ్యాహ్నం బయట 43 డిగ్రీలు, లోపల ఏసీ పెట్టిన గదిలో 26 డిగ్రీలు ఉన్నాయి. మామూలు అల్యూమినియం చట్రం చదరపు మీటరుకు, డిగ్రీ తేడాకు సుమారు 7 వాట్ల వేడిని లోపలికి పంపుతుంది. యూపీవీసీ చట్రం పంపేది సుమారు 2 వాట్లు. ఆ తేడాను 0.3 చదరపు మీటర్లతో, 17 డిగ్రీలతో హెచ్చిస్తే వచ్చేది దాదాపు 25 వాట్లు. ఇప్పుడు అదే కిటికీ పడమటి గోడలో ఉందనుకుందాం. సాయంత్రపు ఎండ చదరపు మీటరుకు 500 వాట్ల చొప్పున గాజు మీద పడితే, మామూలు గాజు అందులో 80 శాతం దాకా లోపలికి వదిలేస్తుంది. అంటే 480 వాట్లు. చట్రం మార్చి మిగుల్చుకున్నది 25, గాజు గుండా వచ్చి పడుతున్నది 480.

అల్యూమినియం వేడిని పీవీసీ కన్నా దాదాపు వెయ్యి రెట్లు వేగంగా ప్రసరింపజేస్తుందని అమ్మకందారులు చెప్పేది అబద్ధం కాదు. పదార్థం గురించిన నిజం అది. ఆ పదార్థం కిటికీలో ఎంత మేర ఉంది, గదిలోకి వేడి ఏ దారిన వస్తోంది అన్నవి వేరే ప్రశ్నలు. చట్రం ఉష్ణనిరోధకత గురించిన సలహాలు చాలావరకు చలిదేశాల నుంచి వచ్చినవి. అక్కడ గదిలోని వేడిని నెలల తరబడి బయటికి పోకుండా ఆపాలి, లోపలి వైపు చట్రం మీద తేమ పట్టకుండా చూడాలి. కృష్ణా తీరంలో ఆపవలసింది ఎండను. దానికి మందు చట్రం కన్నా ముందు సన్‌షేడ్, ఆ తరువాత గాజు. అపార్టుమెంట్లలో ముఖభాగం అందం కోసం రెండడుగుల సన్‌షేడ్‌ను ఆరంగుళాలకు కుదించిన చోట ఏ కంపెనీ చట్రమూ గదిని చల్లబరచలేదు. సాయంత్రపు ఎండ వాలుగా వస్తుంది కాబట్టి పడమటి కిటికీకి సన్‌షేడ్ ఒక్కటే చాలదు. బయటి వైపు వెదురు తెర కట్టినా, ఎండ వేడిని తగ్గించే పూత ఉన్న గాజు వేసినా చట్రం మార్పిడి కన్నా ఎన్నో రెట్లు ఫలితం కనిపిస్తుంది.

వేడి లెక్క ఇలా తేలిపోయాక చట్రం ఎంపికకు అసలైన కొలమానాలు మిగులుతాయి. చెద, తేమ, గాలివాన, వరద, రెక్క ఎంత మేర తెరుచుకుంటుంది, చెడితే ఎవరు బాగుచేస్తారు. వీటికి సమాధానం ఇంటింటికీ మారుతుంది, ఒకే ఇంట్లో గోడగోడకూ మారుతుంది.

కాబట్టి కొట్టుకు వెళ్లేముందు పాత కిటికీ ఎందుకు చెడిందో చూడాలి. కింది అడ్డపట్టె, నిలువు పట్టె కలిసే మూలలోనే చెక్క పుచ్చిందంటే కారణం నిలిచిన నీరు. కిటికీ కింది గట్టుకు బయటికి వాలు లేక జల్లు నీరు అక్కడే ఆగుతోందన్నమాట. ఆ గట్టు సరిచేయకుండా ఏ చట్రం పెట్టినా నీరు మళ్లీ అక్కడే చేరుతుంది, అప్పుడు చెక్కకు బదులు గోడ నెమ్ముతుంది. చట్రం వెనక మట్టి సొరంగాలు కనిపిస్తే చెద గోడలోంచి వచ్చింది. చట్రం ఒక్కటే మార్చితే పక్కనున్న ద్వారబంధం దాని తరువాతి తిండి అవుతుంది. చెక్క గట్టిగానే ఉండి రెక్క మాత్రం ఒరుసుకుంటోందంటే గోడను అనుమానించాలి. గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లోని నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. లోతు తక్కువ పునాదుల మీద కట్టిన పాత ఇళ్లు ఏళ్ల తరబడి ఆ కదలికకు లోనై, చతురస్రంగా ఉండవలసిన కిటికీ ఖాళీ ఓరగా సాగుతుంది. మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పెట్టి కొలిస్తే తెలిసిపోతుంది. రెండు కొలతలూ సమానంగా రాకపోతే, ఇంకా కదులుతున్న గోడలో బిగువైన యూపీవీసీ చట్రం పెట్టడం డబ్బు వృథా. అలాంటి గోడకు చెక్కే నయం. ఒరుసుకున్న చోట వడ్రంగి చిత్రిక పట్టి సరిచేయగలడు.

చెక్క గురించి ఈ మధ్య తేలిగ్గా మాట్లాడటం అలవాటైంది. నిజానికి ఈ ప్రాంతపు ఎండనూ తేమనూ తట్టుకుని తాతల కాలం నుంచి నిలిచిన కిటికీలన్నీ చెక్కవే. కానీ ఆ చెక్క, ఈనాడు టేకు పేరుతో దొరికే చెక్క ఒకటి కావు. టేకులో చెదకు లొంగనిది చేవ భాగం మాత్రమే. బెరడుకు దగ్గరగా ఉండే తెల్లటి భాగాన్ని చెద సునాయాసంగా తినేస్తుంది. తోటల్లో వేగంగా పెంచి చిన్న వయసులో కొట్టిన చెట్టులో ఆ తెల్లభాగం పాలు ఎక్కువ. అడితిలో పట్టెను నాలుగు పక్కలా తిప్పి చూసి, ఒక అంచున తెల్లచార కనిపిస్తే దాన్ని గోడలోకి వెళ్లే వైపు పెడతామని చెప్పినా ఒప్పుకోకూడదు, చెద మొదట వచ్చేది ఆ వైపు నుంచే. కలప బాగా ఆరిందా లేదా అన్నది కూడా అంతే ముఖ్యం. పచ్చి కలపతో చేసిన రెక్క మొదటి వేసవికే మెలి తిరుగుతుంది.

పాత చట్రంలో కింది అడ్డపట్టె ఒక్కటే పుచ్చి, మిగిలిన మూడు పట్టెలూ గట్టిగా ఉంటే మొత్తం తీసేయడం అనవసరం. నేర్పున్న వడ్రంగి ఆ పట్టె ఒక్కటే మార్చి, కొత్త రెక్కలు చేసి, పాత ఊచలను అలాగే ఉంచగలడు. పాత చేవటేకు ఇంట్లో ఉన్నవారు దాన్ని పాత సామాను వాళ్లకు కారుచౌకగా అమ్మి, అంతకన్నా నాసిరకం వస్తువును ఎక్కువ ధరకు కొనుక్కోవడం చూస్తే బాధ కలుగుతుంది. చెక్కకు నిజమైన లోపం ఒకటుంది. మూడు నాలుగేళ్లకోసారి రంగో వార్నిషో పడాలి, ముఖ్యంగా దక్షిణ, పడమర ముఖాలకు. మూడో అంతస్తు కిటికీకి బయటి వైపు రంగు వేయడం నిచ్చెనకు అందే పని కాదు. అక్కడ చెక్కను వదులుకోవడమే మంచిది.

యూపీవీసీ మంచితనం అది పుచ్చదు, చెద పట్టదు, రంగు అక్కర్లేదు అన్నదానిలో ఉంది. మూలలు వేడితో అతికిస్తారు కాబట్టి అక్కడ సందు ఉండదు. రెక్క చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది కాబట్టి మూసినప్పుడు దుమ్ము, చప్పుడు, ఏసీ చల్లదనం దాటవు. బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు పక్కన పడకగది ఉన్నవారికి, మిర్చి సీజనులో గుంటూరు యార్డు పరిసరాల్లో ఘాటు భరించేవారికి ఈ బిగువు నిజంగా విలువైనది. ఏసీ గదికి యూపీవీసీ ఇచ్చే లాభం కూడా చట్రం నిరోధకత కన్నా ఈ సందులేనితనం వల్లనే ఎక్కువ. అయితే చప్పుడు ఆగాలంటే గాజు మందం కూడా పెరగాలి. సన్నని గాజు పెట్టి రోడ్డు మోత ఆగలేదని చట్రాన్ని నిందించడం సరికాదు.

బలహీనతలు రెండు. మొదటిది, ఎండకు సాగడం. మీటరు పొడవున్న పీవీసీ పట్టీ డిగ్రీకి 0.07 మిల్లీమీటర్ల వంతున సాగుతుంది, అల్యూమినియం అందులో మూడో వంతు. ఒకటిన్నర మీటర్ల చట్రం తెల్లవారుజాముకూ మిట్టమధ్యాహ్నానికీ మధ్య 30 డిగ్రీలు వేడెక్కితే మూడు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. గోడకూ చట్రానికీ నడుమ ఆ మేరకు చోటు వదలకుండా సిమెంటుతో బిగించేస్తే చట్రం మధ్యలో వంగి రెక్క కదలదు. తెలుపు రంగు ఎండను తిప్పికొడుతుంది కాబట్టి కొంత నయం. టేకు రంగు పొర అతికించినవి, ముదురు గోధుమరంగువి అంతకన్నా చాలా ఎక్కువ వేడెక్కుతాయి. పీవీసీ 75, 80 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది. పడమటి గోడకు ముదురు రంగు యూపీవీసీ ఎంచుకోకపోవడమే క్షేమం. ఎండలోని అతినీలలోహిత కిరణాలను తట్టుకోవడానికి కలిపే టైటానియం డయాక్సైడ్ తక్కువైన నాసిరకం సరుకు కొన్నేళ్లకే పసుపుబారి పెళుసెక్కుతుంది.

రెండోది బలం. పీవీసీ తనంతట తాను గట్టిది కాదు. బోలుగా ఉండే దాని కడుపులో జింకు పూత పూసిన ఉక్కు పట్టీ దూర్చితేనే గాలిని ఆపుతుంది. భవనాల మీద గాలి ఒత్తిడిని లెక్కగట్టే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విజయవాడకు ఇచ్చిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44. ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి ఇక్కడి కిటికీ హైదరాబాదు కిటికీ కన్నా దాదాపు 29 శాతం ఎక్కువ తోపును తట్టుకోవాలి. మిగతా గుణకాలు పక్కన పెట్టి చూస్తే నాలుగడుగుల చదరపు కిటికీ మీద పడే బరువు 225 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. ఇది కాగితం మీది భయం కాదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గర, గుంటూరుకు దాదాపు యాభై కిలోమీటర్ల దూరంలో. ధర తగ్గించడానికి లోపలి ఉక్కు పట్టీని చట్రానికి మాత్రమే పెట్టి రెక్కలకు వదిలేయడం, మరీ పలచనిది పెట్టడం జరుగుతుంటుంది. బయటికి కనిపించదు కాబట్టి అడగకపోతే తెలియదు. అయిదారడుగుల వెడల్పు జారుడు కిటికీలో రెండు రెక్కలు కలిసే నిలువు పట్టీలో ఉక్కు ఉందో లేదో బిగించేముందే చూడాలి.

అల్యూమినియానికి ఈ బెంగ తక్కువ. సన్నని పట్టీతోనే పెద్ద గాజును మోయగలదు, వంగదు, ఎండకు అంతగా సాగదు, ముదురు రంగు వేసినా మెత్తబడదు. వెడల్పాటి కిటికీలకు, పై అంతస్తులకు, పడమటి గోడకు అదే ముందు పరిశీలించవలసినది. కిటికీలకు వాడేది సాధారణంగా 6063 మిశ్రమలోహం. దాని మీద పొడిగా చల్లి వేడితో అతికించే రంగు పూత, అంటే పౌడర్ కోటింగ్, 60 మైక్రాన్ల మందానికి తగ్గకుండా ఉండాలి. చవకగా దొరికే పలచని పట్టీలు చేతితో నొక్కితేనే ఊగుతాయి, వాటి వల్లనే అల్యూమినియానికి లొడలొడలాడుతుందన్న చెడ్డపేరు వచ్చింది. తడి సిమెంటు అల్యూమినియాన్ని తినేస్తుంది కాబట్టి తాపీపని పూర్తయ్యాకే చట్రం పెట్టాలి, లేదా దాని మీది కవరు పట్టీ తీయకూడదు. మరలు తుప్పుపట్టనివి కావాలి. మామూలు ఇనుప మర తగిలిన చోట తేమ చేరితే ముందు మర తుప్పు, తరువాత దాని చుట్టూ లోహం గుల్ల.

ఆగస్టు, సెప్టెంబరు రాత్రుల్లో ఏసీని బాగా తగ్గించి పడుకునే గదిలో అల్యూమినియం చట్రం బయటి వైపు చెమర్చడం కనిపిస్తుంది. కిటికీ కారుతోందని కంగారుపడనక్కర్లేదు. బయటి గాలిలోని తేమ చల్లబడ్డ లోహం మీద చేరుతున్నదంతే. లోహం మధ్యలో వేడిని అడ్డే పట్టీ పెట్టిన ఖరీదైన అల్యూమినియం రకాలు దీన్ని ఆపుతాయి. పొద్దస్తమానం ఏసీ నడిచే గదికి తప్ప ఆ అదనపు ఖర్చు దండగ.

మిగిలిన వాటి సంగతి తొందరగానే తేలుతుంది. ఇంగ్లీషు జెడ్ అక్షరం ఆకారపు పట్టీలతో చేసే జెడ్ సెక్షన్ ఇనుప కిటికీలు చవక, దృఢం. కింది మూలలో తుప్పును ఏటా గీకి, తుప్పును ఆపే రెడ్ ఆక్సైడ్ రంగు పూసే ఓపిక ఉన్నవారికే అవి పనికొస్తాయి. సిమెంటు చట్రాలకు చెద, తుప్పు బాధ లేదు గానీ పాత గోడలో కొత్తగా అమర్చడం బరువైన పని, మడతబందుల మరలు ఊడితే మళ్లీ పట్టవు. స్నానాల గది వెంటిలేటరుకు గ్రానైటు చట్రాన్ని మించినది లేదు. చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపిన డబ్ల్యూపీసీ నీటికి ఉబ్బదు. కానీ మర పట్టు, బరువు మోసే శక్తి చెక్కంత ఉండవు కాబట్టి పెద్ద రెక్కలకు దాన్ని నమ్మలేం.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ఇళ్లు రోజుల తరబడి నీటిలో నానిన తరువాత ఈ ఎంపికలో మరో కోణం చేరింది. వరదనీటిలో నానిన గట్టి టేకు ఉబ్బినా, నీడలో నెమ్మదిగా ఆరితే చాలావరకు మళ్లీ తన ఆకారానికి వస్తుంది. ప్లైవుడ్, చెక్కపొట్టు అట్టలు పొరలు విడిపోతాయి. యూపీవీసీ బయటికి కడిగిన ముత్యంలా కనిపిస్తుంది గానీ దాని బోలు గదుల్లో బురదనీరు చేరుతుంది. నీరు పోయే రంధ్రాలు పూడిపోతే ఆ తేమ లోపలి ఉక్కు పట్టీని పట్టుకుని ఉంటుంది. జారుడు కిటికీ ఏదైనా సరే, పట్టాలో ఒండ్రు గట్టిపడితే చక్రాలు తిరగవు. కాబట్టి ముంపు భయమున్న వీధుల్లో నేల అంతస్తుకు మడతబందుల మీద తిరిగే రెక్కలు, అల్యూమినియం లేదా గట్టి చెక్క మేలు. వాటిలో బురద దాగే చోటు తక్కువ, కడగడం తేలిక.

జారుడు రెక్కల గురించి గట్టిగా చెప్పవలసినది ఇంకా ఉంది. పదార్థం మీద జరిగినంత చర్చ రెక్క తెరుచుకునే తీరు మీద జరగదు, ఇంటి సుఖం మీద దాని ప్రభావమే ఎక్కువ. రెండు రెక్కల జారుడు కిటికీ ఎంత తీసినా సగమే తెరుచుకుంటుంది. నివాస భవనాల్లో ఇంధన పొదుపు కోసం 2018లో వచ్చిన నియమావళి ఎకో నివాస్ సంహిత, మనలాంటి వేడి, తేమ కలిసిన వాతావరణ మండలంలో తెరుచుకునే కిటికీ వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం 16.66 శాతం ఉండాలంటుంది. మిగతా మండలాలన్నిటికన్నా ఇదే ఎక్కువ. ఉక్కపోత ఉన్న చోట ఒంటికి గాలి తగలడమే చల్లదనం. ఏసీ లేని గదికి, కరెంటు పోయిన రాత్రికి ఆ గాలిదారే దిక్కు.

పాత చట్రం తీయకుండా దాని లోపలే కొత్త చట్రం బిగించే పద్ధతిలో ఈ నష్టం ఇంకా పెరుగుతుంది. గోడ పగలదు, ఒక్క పూటలో పని అయిపోతుంది, అందుకే అది అందరికీ ఇష్టం. మూడున్నర అడుగుల చదరపు ఖాళీలో నాలుగు వైపులా 60 మిల్లీమీటర్ల చొప్పున కొత్త చట్రం ఆక్రమిస్తే వైశాల్యంలో 21 శాతం పోతుంది. మిగిలినదాన్ని జారుడు రెక్కలు సగం చేస్తాయి. పాత రెక్కలు రెండూ బార్లా తెరిచినప్పుడు వచ్చిన గాలిదారిలో 40 శాతం కూడా మిగలదు. గోడ పగలగొట్టి, చట్రాన్ని గోడకు పట్టి ఉంచే ఇనుప హోల్డ్‌ఫాస్టులు పీకి కొత్త చట్రం పెట్టడం దుమ్ము, ఖర్చు ఉన్న పనే. కానీ ఇంట్లో అందరూ పడుకునే గదికి ఆ కష్టం పడవలసిందే. పాత చట్రం తీస్తే దానిలోని ఊచలూ పోతాయి కాబట్టి విడిగా గ్రిల్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి. దోమల తెర సంగతీ అప్పుడే తేల్చాలి. జారుడు కిటికీకి మూడో పట్టాలో తెర సులువుగా ఇముడుతుంది, ఈ ఊళ్లలో అది గెలవడానికి అసలు కారణం అదే. బయటికి తెరుచుకునే రెక్కకు లోపలి వైపు చుట్టుకునే తెరో, లోపలికి తెరుచుకునే మెష్ తలుపో పెట్టించాలి. కొంత ఖరీదు పెరిగినా గాలి మొత్తం మనదే.

ఇవన్నీ కలిపి చూస్తే సాధారణమైన ఇంటికి ఒక దారి కనిపిస్తుంది. రోడ్డు వైపున్న ఏసీ పడకగదికి తెల్లని యూపీవీసీ, రెక్కలకూ ఉక్కు పట్టీతో. పడమటి గోడకు, వెడల్పాటి హాలు కిటికీకి అల్యూమినియం. సన్‌షేడ్ కింద భద్రంగా ఉన్న ఉత్తరపు గదుల్లో పాత టేకు చట్రం అలాగే ఉంచి రెక్కలు మాత్రం కొత్తవి. అపార్టుమెంట్లలో బయటి రూపం అందరికీ ఒకేలా ఉండాలన్న సంఘం నియమం అడ్డొస్తే రంగు ఒకటిగా ఉంచి పదార్థం మార్చుకోవచ్చు. దూరానికి తెల్లని పౌడర్ కోటింగుకూ తెల్లని యూపీవీసీకీ తేడా తెలియదు.

ధరలు పోల్చేటప్పుడు చదరపు అడుగు రేటు ఒక్కటే చూస్తే మోసపోతారు. ఆ రేటులో గాజు మందం ఎంత, తెర ఉందా, గడియలూ చక్రాలూ ఏ రకం, లోపలి ఉక్కు పట్టీ మందం ఎంత, గోడ సందు నింపే నురుగు, సిలికాన్ ఎవరి ఖర్చు అన్నవి కాగితం మీద రాయించుకోవాలి. అయిదు కిటికీలుంటే ముందు ఒక్కటి, ఎక్కువ వాన కొట్టే వైపుది, బిగించి చూపమనాలి. మిగిలిన సొమ్ము ఇచ్చేముందు తోటగొట్టంతో బయటి నుంచి పది నిమిషాలు నీళ్లు కొట్టించి, లోపలి గట్టు మీద, చట్రం కింది మూలల్లో చేత్తో తడిమి చూడాలి. పట్టాలో చేరిన నీరు రంధ్రాల గుండా బయటికి పోవాలి. పోకుండా లోపలికి పొర్లితే బిగించినవాళ్లు అక్కడ ఉండగానే విప్పించి సరిచేయించాలి. ఈ పని ఏప్రిల్, మే నెలల్లోనే ముగించుకుంటే జూన్ జల్లులకు ముందు గోడ ఆరడానికీ, పగిలిన పూత మళ్లీ పూయించడానికీ వ్యవధి దొరుకుతుంది.